జాన్సన్ గారి వీరగాథ

పాత పతకాలు కొన్న ప్రతివాడికీ వాటి వెనకాల ఒక వీరుడు కావాలి. మా మిత్రుడొకాయన ఈమధ్య మూడు ఇటలీ పతకాలు కొన్నాడు, మూడూ మొదటి ప్రపంచ యుద్ధం నాటివి. ఆ రోజు నుంచీ ఆయనకి నిద్ర లేదు. పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టు వాటి అసలు యజమాని ఊరూ పేరూ ఆరా తీస్తున్నాడు. ఈ మహత్తర కృషిని వాళ్లింట్లోనే ఎగతాళి చేస్తున్నారు కాబట్టి, ఆయన తరఫున నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

తప్పంతా ఇటలీ ప్రభుత్వానిదే. అదే యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు మన సిపాయిలకిచ్చిన పతకాల అంచు చూడండి. నంబరు, హోదా, పేరు, పటాలం అన్నీ ఉంటాయి, సారె బిందె మీద పేరు కొట్టించినట్టు. ఇటలీలో శౌర్య పతకాలకి చాలావరకు ఆ మర్యాద జరిగింది గానీ, యుద్ధానికి వెళ్లినవాళ్లందరికీ పంచిన స్మారక పతకాలకి జరగలేదు. పేరు ఉండేది వాటితో ఇచ్చిన కాగితం మీద. కాగితం పోయింది, బిళ్ల మిగిలింది. ఆ యుద్ధానికి ఇటలీ పిలిచింది 50 లక్షల మందికి పైగా. అంత గుంపులో ఒక గోవిందయ్యని వెతకమంటే ఎవరైనా చేతులెత్తేస్తారు. మా మిత్రుడు ఎత్తలేదు.

మొదటిది 1920లో పెట్టిన కంచు పతకం. ముందు వైపు హెల్మెట్ పెట్టుకున్న రాజు. వెనక వైపు ‘శత్రువు కంచుతో చేసినది’ అని ఇటాలియన్‌లో. పట్టుబడ్డ శత్రు ఫిరంగుల్ని కరిగించి లక్షల్లో చేశారు. కాబట్టి ఆ ఫిరంగిని పట్టుకున్నవాడే దీని యజమాని అని మిత్రుడు తేల్చాడు. రిబ్బను మీద, యుద్ధంలో ఉన్న ఏళ్లకి గుర్తుగా, 1916, 1917 అని రెండు చిన్న పట్టీలున్నాయి. 1918 లేదు. 1917 అక్టోబరులో మొదలైన కపొరెట్టో యుద్ధంలో ఇటలీ ఓడిపోయి, దాని సైనికులు రెండున్నర లక్షల మందికి పైగా బందీలయ్యారు, వాళ్లలో ఒకడేమో పాపం అన్నాను. అమ్మినవాడు చేతికందిన రిబ్బను తగిలించాడేమో అని కూడా అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, గొంతు తగ్గించి చెప్పాడు: “ఆ ఏడాది రహస్య కార్యకలాపాల్లో ఉన్నాడు.”

రెండోది యుద్ధ సేవలకిచ్చే శిలువ. దాని మీద రాజుగారి పొడి అక్షరాలున్నాయి. అంచేత మనవాడు రాజుగారికి బాగా కావలసినవాడు.

ఇటలీ ప్రభుత్వ పత్రాగారాల్లో సైనికుల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఎత్తు, జుట్టు రంగు, పళ్ల తీరు, వృత్తి, చదవడం రాయడం వచ్చా రాదా, అన్నీ రాసుకున్నారు. వీరుడి పన్ను పుచ్చిందో లేదో కూడా తెలుసుకోవచ్చు. కాకపోతే ముందు మనం పేరు, పుట్టిన ఏడు, ఊరు చెప్పాలి. “అవన్నీ తెలిస్తే వాళ్లనెందుకు అడుగుతాం?” అని మిత్రుడు మండిపడ్డాడు. ప్రశ్నలో న్యాయం ఉంది.

మూడోది విజయ పతకం. నాలుగు సింహాలు లాగే రథం మీద రెక్కల దేవత. అడుగున, మట్టి పట్టిన చోట, చీమ తలకాయంత అక్షరాలు. అర్ధరాత్రి ట్యూబ్‌లైటు కింద భూతద్దం పెట్టి కూడబలుక్కున్నాడు: ఓర్సోలినీ. తర్వాత, ఎస్. జాన్సన్.

ఓర్సోలినీ ఆ బొమ్మ చేసిన శిల్పి అనీ, జాన్సన్ మిలాన్‌లో పతకాలు అచ్చువేసే కంపెనీ అనీ ఏ కేటలాగు తిరగేసినా తెలుస్తుంది. చేతిలో వీరుడున్నవాడికి కేటలాగుతో పనేంటి? తెల్లారేసరికి కథ సిద్ధం. ఓర్సోలినీ మన సైనికుడు. జాన్సన్, అతన్ని మంచుకొండల్లో వీపున మోసుకొచ్చిన ఇంగ్లీషు దొర. ఫిరంగిని ఇద్దరూ కలిసే పట్టుకున్నారు.

నిన్న వాళ్లమ్మగారు పూజ సామాన్లతో పాటు ఆ పతకాన్నీ చింతపండు పెట్టి తోమేశారు. వందేళ్ల పాతదనం కాలవలో కలిసింది. ఇలా తోమిన పతకాన్ని సేకర్తలు ముట్టుకోరు. ఆయన కాసేపు గుండె పట్టుకుని కూర్చున్నాడట. తేరుకుని చూస్తే, తళతళలాడే కంచు మీద జాన్సన్ పక్కనే ఇంకో మాట బయటపడింది: మిలానో.

“దొర ఊరు కూడా దొరికిందోయ్!” అని నాకు ఫోను.

వెనక నుంచి అమ్మగారి గొంతు వినిపిస్తోంది: “ఒరేయ్, చింతపండు ఇంకా మిగిలింది. ఆ రెండూ కూడా ఇలా పడెయ్!”