బజారులో సన్యాసి

మొన్న ఏప్రిల్‌లో మా నాన్నగారు ఒసాకా వచ్చినప్పుడు క్యోటో తీసుకెళ్లాను. బంగారు గుడీ ఎర్ర తోరణాలూ అయ్యాక, సాయంత్రం రొకుహరమిత్సుజి అనే చిన్న గుడికి వెళ్లాం. పేరు నోరు తిరగదు గానీ విడదీస్తే సగం మనదే. ‘రొకు’ అంటే ఆరు, ‘హరమిత్సు’ అంటే పారమిత (బౌద్ధులు సాధించాల్సిన సద్గుణం), ‘జి’ అంటే గుడి.

అక్కడ పదో శతాబ్దపు భిక్షువు కూయా విగ్రహం ఉంది. నాలుగడుగుల ఎత్తు కూడా ఉండదు. బక్కపల్చటి మనిషి, మోకాళ్ల దాకా పొట్టి బట్ట, గడ్డి చెప్పులు. నడిచి నడిచి పిక్కల మీద నరాలు తేలాయి. ఛాతీ మీద జేగంట, కుడిచేతిలో దాన్ని కొట్టే చిన్న సుత్తి, ఎడమచేతిలో జింక కొమ్ము బిగించిన కర్ర. తెరిచిన నోట్లోంచి సన్నటి తీగ మీద ఆరుగురు బుల్లి బుద్ధులు వరసగా బయటికొస్తున్నారు. నము అమిద బుత్సు, అంటే అమితాభ బుద్ధుడికి నమస్కారం. చైనా లిపిలో అది ఆరక్షరాలు, అక్షరానికో బుద్ధుడు. 13వ శతాబ్దంలో కోషో అనే శిల్పి చెక్కాడు. మహాశిల్పి ఉన్‌కెయ్ కొడుకు.

నాన్న చాలాసేపు చూసి, “హరిదాసురా ఈయన. నెత్తిన అక్షయపాత్ర ఒక్కటే తక్కువ” అన్నారు.

అప్పటిదాకా నేను బైరాగి అనుకుంటున్నాను. జపాన్ బౌద్ధం అనగానే మనవాళ్ల రాతల్లో కనిపించేది ఒకటే బొమ్మ: జెన్ తోట, గీతలు గీసిన ఇసుక, మౌనం, ఓ కప్పు టీ. ఊరూరా తిరిగిన సాధువుల మాటొస్తే అవధూతలని రాసేసి దండం పెట్టేస్తాం. నాకు ఇందులో తప్పు కనిపిస్తోంది. బైరాగి ఊరొదిలి అడవికి పోతాడు. జపాన్ వాళ్లు హిజిరి అని పిలుచుకున్న వీళ్లు గుడి వదిలి ఊళ్లోకొచ్చారు. కూయాకి జనం పెట్టిన పేరే ‘బజారు హిజిరి’.

ఆ రోజుల్లో భిక్షువు కావాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి. భిక్షువుల పని రాజ్యం కోసం, పెద్దింటివాళ్ల కోసం పూజలు చేయడం. చావు మైల తగిలితే ఆ పూజలకు పనికిరారు. మరి దిక్కులేని శవాన్ని ఎవరు ముట్టుకుంటారు? 938లో అప్పటి రాజధాని క్యోటోకొచ్చిన కూయా బావులు తవ్వించాడు, బజార్లో జేగంట కొట్టి నామం పలికించాడు, దారుల పక్కన పడేసిన శవాలను పోగుచేసి దహనం చేశాడు. 948లో హియెయ్ కొండ మీది పెద్ద మఠంలో పూర్తి దీక్ష పుచ్చుకుని, వాళ్లిచ్చిన కొత్త పేరు వాడకుండా మళ్లీ బజారుకే వచ్చాడు. 951లో ఊళ్లో రోగం ప్రబలితే పదకొండు ముఖాల కన్నోన్ (మన అవలోకితేశ్వరుడు) విగ్రహం చేయించాడు. మేం చూసిన ఆ గుడి ఉన్నది కూడా తొరిబెనో అనే పాత శ్మశానానికి వెళ్లే దారిలోనే.

ఇక డబ్బు సంగతి. హిజిరిల గురించి రాసేవాళ్లు మొహమాటపడేది ఇక్కడే, నాకు అన్నిటికన్నా నచ్చేదీ ఇదే. 1180 చివర్లో తైరా వంశం సేనలు పాత రాజధాని నారా మీద పడి అక్కడి తోదాయ్‌జి గుడిని తగలబెట్టాయి. మహాబుద్ధుడి కంచు విగ్రహం కరిగి తల ఊడింది. ఒకపక్క యుద్ధం, మరోపక్క కరువు, ఖజానా ఖాళీ. మళ్లీ కట్టించే పని 1181లో చోగెన్ అనే హిజిరికి అప్పగించారు. ఆయన వయసు అప్పటికి 61. ఒంటిచక్రం బండ్లతో దేశం మీద పడ్డాడు. ఈ చందాల పనిని వాళ్లు కన్‌జిన్ అంటారు. అసలర్థం ‘మంచికి ప్రేరేపించడం’. అడిగేది ‘ఒక కాగితం, అర నాణెం’. అది వాళ్ల ఊతమాట. అర నాణెం ఇచ్చినవాడికీ బుద్ధుడితో సంబంధం ముడిపడినట్టే లెక్క. రాజులూ ప్రభువులూ పెద్ద మొత్తాలిచ్చారు, నిజమే. సైగ్యో అనే కవిభిక్షువు 69 ఏళ్ల వయసులో బంగారం అడగడానికి ఉత్తరాన హిరైజుమి దాకా వెళ్లాడు. కానీ జాబితాలో అర నాణెం వాడికీ చోటుంది. ప్లాటినం, డైమండ్ అని దాతల్ని అంతస్తులుగా పేర్చే మన సంఘాల సావనీర్లు చూసినప్పుడల్లా నాకు ఆ బండ్లే గుర్తొస్తాయి.

చోగెన్ చందాలతో ఆగలేదు. సువో అనే ప్రాంతపు కొండల్లోంచి మహావృక్షాలు నరికించి, ఏట్లో నీళ్లు చాలకపోతే ఆనకట్టలు కట్టించి దుంగలు తేలించాడు. పనివాళ్లకు ఆవిరి స్నానాల గదులు కట్టించాడు. 1185లో విగ్రహానికి కళ్లు దిద్దే రోజున మాజీ చక్రవర్తి గో-షిరకావా స్వయంగా పైకెక్కాడు. ఆయన చేతిలో ఉన్నది, 752లో మొదటిసారి కళ్లు దిద్దినప్పుడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు పట్టుకున్న కుంచే. ఇది చెప్తే నాన్న నమ్మలేదు. ఆ కుంచె ఇప్పటికీ షోసోయిన్ కోశాగారంలో భద్రంగా ఉంది.

13వ శతాబ్దపు హిజిరి ఇప్పెన్ దారి వేరు. ఆయన అడగడు, ఇస్తాడు. నామం అచ్చేసిన చిన్న చీటీలు దారిన పోయేవాళ్లందరికీ పంచుతూ 16 ఏళ్లు తిరిగాడు. 1274లో కుమానో కొండదారిలో ఒక భిక్షువు ఎదురయ్యాడు. తీసుకోమంటే, “నాకు నమ్మకం కలగడం లేదు, తీసుకుంటే అబద్ధమవుతుంది” అన్నాడు. చుట్టూ జనం. ఇతను వద్దంటే వాళ్లూ వద్దంటారు. నమ్మకం లేకపోయినా పుచ్చుకోమని ఇప్పెన్ చేతిలో పెట్టేశాడు. పెట్టాడే గానీ మనసు కుదుటపడలేదు. కుమానో గుడి ముందు కూర్చుని దేవుణ్ణి అడిగాడు. తెల్లజుట్టు కొండసాధువు రూపంలో దేవుడొచ్చి, జనం తరించేది నీ బోధ వల్ల కాదు, అది ఎప్పుడో పది కల్పాల కిందటే అమిద తేల్చేశాడు, నమ్మినా నమ్మకున్నా, శుచిగా ఉన్నా లేకున్నా చీటీ పంచిపెట్టు అన్నాడట. ఎదుటివాడి నిజాయితీ ముందు తడబడి, ఆ తడబాటును దాచుకోకుండా దేవుడి దగ్గరికి మోసుకెళ్లిన ఇప్పెన్ నాకు నచ్చుతాడు. 1289లో పోయేముందు తన దగ్గరున్న పుస్తకాలు తగలబెట్టేశాడు.

బజారులో ఉన్నవాడికి బజారు అంటకుండా ఉండదు. మఠాలకు పేరుపడ్డ కోయా కొండ పేరు చెప్పుకుని తిరిగిన హిజిరిలు రానురాను ఎంత పేరు పోగొట్టుకున్నారంటే, కోయా హిజిరికి బస ఇవ్వకు, కూతుర్ని ఎగరేసుకుపోతాడు అని సామెత పుట్టింది. 1581లో ఒదా నొబునాగా అనే యుద్ధప్రభువు వాళ్లను వందల సంఖ్యలో చంపించాడు. ఇవన్నీ వదిలేసి మహనీయులని రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం వదలను. గుమ్మం తొక్కకపోతే చందా రాదు, గుమ్మం తొక్కినవాడి మీద అనుమానమూ తప్పదు. మా అమ్మమ్మ హరిదాసుకి బియ్యం పోస్తూనే ఓ కన్ను పెరట్లో ఆరేసిన బట్టల మీద ఉంచేది.

కోయా హిజిరి వీపున ఓయి అనే పెట్టె ఉండేది. ఊళ్లో ఎవరైనా పోతే వాళ్ల అస్థికలు అందులో పెట్టుకుని కొండ మీద ఓకు-నో-ఇన్ శ్మశానానికి మోసుకెళ్లేవాడు. తర్వాతి కాలంలో వాళ్లలో చాలామంది అదే పెట్టెలో బట్టలు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మారు.