బనియన్ రావు గారికి ఫోన్

రెండు బనియన్లు కొందామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపుకెళ్ళాను. మూడంతస్తుల షాపు. బిల్లు 370 రూపాయలు. చిల్లరతో సహా సరిగ్గా చేతిలో పట్టుకుని లైన్లో నిలబడ్డాను. వాడు వస్తువిస్తాడు, మనం డబ్బిస్తాం, ఎవరి దారిన వాళ్ళు పోతాం, మా తాతల కాలం నుంచీ అంగడి అంటే ఇంతే కదా అన్న అమాయకత్వం ఇంకా నాలో మిగిలే ఉంది.

కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "నంబర్ చెప్పండి సార్" అన్నాడు.

"ఏం నంబరు?"

"ఫోన్ నంబర్ సార్."

"బనియన్‌కి ఫోన్ నంబరెందుకు బాబూ?"

అప్పుడు తలెత్తాడు. ఇలాంటి ప్రశ్న వేసేవాళ్ళు రోజుకొకరు తగులుతారనీ, వాళ్ళంతా నా వయసువాళ్ళేననీ ఆ చూపులోనే తెలిసిపోయింది. "నంబర్ కొట్టకపోతే సిస్టమ్ ముందుకెళ్ళదు సార్."

"పది తొమ్మిదులు కొట్టెయ్."

"తీసుకోదు సార్. అందరూ అవే చెప్తున్నారని ఆపేశారు."

"పోనీ నీ నంబర్ కొట్టుకో."

"స్టాఫ్ నంబర్లు కూడా ఆపేశారు సార్. పాయింట్లన్నీ మేమే కొట్టేస్తున్నామని."

ఈలోగా నా వెనక లైను పెరిగింది. చేతుల నిండా పట్టుచీరలతో ఉన్నావిడ "చెప్పేయండి అన్నయ్యగారూ, పెళ్ళి షాపింగు, కింద ఆటో వెయిటింగు" అంది. ఇంకెవరో "నంబర్ చెబితే కిడ్నీ తీసుకుంటారా ఏంటి" అన్నారు. చివరికి లైన్లో నాలుగో మనిషి, తెల్లచొక్కా, మొహం నిండా పరోపకారం, "అరే, నాది కొట్టు బాబూ" అని తన పదంకెలూ షాపంతా వినిపించేలా చదివాడు. అంతటితో ఆగాడా, ఓటీపీ వస్తే అది కూడా గట్టిగా చదివాడు. ఎవరికీ ఓటీపీ చెప్పొద్దు, ఎవరికీ ఓటీపీ చెప్పొద్దు అని ఎవరికి ఫోన్ చేసినా రింగుకి ముందు కొన్ని నెలలపాటు ఈ దేశానికి ఊదరగొట్టారే, ఆ దేశమే ఇది. నా బనియన్లకి ఆయన ఖాతాలో 37 పాయింట్లు పడ్డాయి. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి "ఇంతదానికి టెన్షన్ ఎందుకు మాస్టారూ" అన్నాడు.

నిజమే, టెన్షన్ ఎందుకు. మనకి చట్టం ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది 2017 ఆగస్టు 24న. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇమ్మని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే షాపులవాళ్ళకి చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చేసింది. ఆ చట్టాన్ని నేను కూర్చుని చదివాను. బనియన్ల దెబ్బకి మనిషి ఏమైనా చదువుతాడు.

అందులో నాకు తెగ నచ్చేసిన ఒకావిడ ఉంది. పేరు ఎక్స్. సెక్షన్ 7 కింద ఉదాహరణలో తగులుతుంది. ఎక్స్ గారు మందుల షాపుకెళ్ళి ఏదో కొంటుంది. కొని, తన వివరాలు తనే స్వచ్ఛందంగా ఇచ్చి, డబ్బు ముట్టిన రసీదు నా ఫోన్‌కి మెసేజ్ పెట్టండి అని తనే అడుగుతుంది. మందుల షాపువాడు ఆ రసీదు పంపడం కోసం ఆ వివరాలు వాడుకోవచ్చట. ఎంత మర్యాదైన లోకం! ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు, కొన్నావిడే బతిమాలి మరీ నంబరిస్తుంది. ఎక్స్ గారు ఏ ఊళ్ళో ఉంటారో తెలిస్తే నేను కూడా ఇల్లు అక్కడికే మార్చేస్తాను. ఆవిడ వెనక లైన్లో పెళ్ళి షాపింగువాళ్ళు ఉండరనుకుంటా.

సమ్మతి గురించి కూడా ఆ చట్టంలో బ్రహ్మాండంగా రాశారు. ఒత్తిడి లేకుండా ఇవ్వాలి, ఫలానా పనికి అని ఉండాలి, అన్నీ తెలిసి ఇవ్వాలి, ఏ షరతూ ఉండకూడదు, అనుమానానికి తావుండకూడదు. మొన్న సంక్రాంతికి అమ్మ ఫోన్లో పంచాంగం యాప్ వేస్తుంటే అది కాంటాక్టులు చూడొచ్చా అని అడిగింది. రాహుకాలం చెప్పడానికి మా మేనత్త నంబర్ ఎందుకో నాకర్థం కాలేదు. కుదరదని నొక్కితే మళ్ళీ అడిగింది. అమ్మ పక్కనుంచి "వర్జ్యం వచ్చేస్తోందిరా, తొందరగా చూడు" అంటోంది. అలౌ నొక్కేశాను. ఒత్తిడి లేకుండా, అన్నీ తెలిసి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీరు సినిమాగా పుట్టుంటే బాగుండేది.

అవును, సినిమాకున్న మర్యాద ఈ దేశంలో మనిషికి లేదు. హాల్లో ఫోన్ పైకెత్తి తెర మీది బొమ్మ రికార్డు చేస్తే, 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షలకి తగ్గకుండా జరిమానా, అది నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. పెద్ద సినిమా రిలీజవుతోందంటే చాలు, ఇంకా దొంగతనం జరక్కముందే, దొంగెవరో తెలియకముందే కోర్టుకెళ్ళి ఆర్డర్ తెచ్చుకుంటారు. ఆ ముక్కూమొహం తెలియని దొంగకి మన కోర్టుల్లో ఒక పేరు కూడా ఉంది, అశోక్ కుమార్. ఆ పేరు పెట్టుకున్న పాపానికి నిజం అశోక్ కుమార్లు ఎలా నిద్రపోతున్నారో మరి. 2025 నవంబర్లో హైదరాబాద్ పోలీసులు పైరసీ సినిమాల సైట్ ఐబొమ్మని నడుపుతున్నాడంటూ ఒకర్ని పట్టుకున్నప్పుడు టీవీలన్నీ రాత్రింబగళ్ళు అదే. తప్పేం లేదు, కోట్లు పెట్టి తీసినవాడి కష్టం అది. కానీ ఆ హడావుడిలో పోలీసులు ఒక మాటన్నారు, సుమారు 50 లక్షల మంది వివరాలు అతని దగ్గరున్నాయి, అవి సైబర్ నేరగాళ్ళకి చేరితే ప్రమాదం అని. జనమంతా గుండెలు బాదుకున్నారు. అయ్యో, మన నంబర్లు దొంగ దగ్గరున్నాయా! మరి దొర దగ్గరున్నవో? బనియన్ల షాపు సర్వర్లో ఉన్నవి ఏ గుళ్ళో దాచినట్టు?

రెండున్నర గంటల సినిమా కాపీ కొట్టి అమ్మితే పైరసీ. నా పేరు, నంబరు, ఇల్లు, బనియన్ సైజు, చక్కెర రోగం కాపీ కొట్టి అమ్మితే మార్కెటింగ్. ఎంత లోతుగా ఆలోచించినా నాకు తేడా ఒకటే కనిపిస్తోంది, సినిమాకి నిర్మాత ఉన్నాడు. నన్ను నిర్మించినాయన 2009లో పోయాడు.

హాల్లో వేసే డిజిటల్ ప్రింటులో కంటికి కనపడని వాటర్‌మార్క్ ఉంటుంది తెలుసా. దొంగ ప్రింటు ఎక్కడ దొరికినా ఆ గుర్తుని బట్టి ఏ హాల్లో తీశారో చెప్పేస్తారు. ఇది తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున లేచి నాకు నేనే వాటర్‌మార్క్ వేసుకోవడం మొదలుపెట్టాను. నంబర్ ఒకటే. పేరు మాత్రం షాపుకొకటి. కావాలని అదే బట్టల షాపుకెళ్ళి "బనియన్ రావు" అన్నాను. కుర్రాడు కనురెప్ప కూడా ఆడించకుండా "స్పెల్లింగ్ సార్?" అన్నాడు. మందుల షాపులో గోళీల సుబ్బారావు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాల మూర్తి. సూపర్‌మార్కెట్లో పెసరపప్పు ప్రసాద్. ఒక్కరంటే ఒక్కరు "ఇదేం పేరండీ" అని అడిగితే ఒట్టు. వాళ్ళకి కావలసింది పేరు కాదు కదా.

నెల తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి. గోళీల సుబ్బారావు గారి ఆరోగ్యం గురించి ఒక బీమావాళ్ళు చాలా బెంగ పెట్టుకున్నారు. పెసరపప్పు ప్రసాద్‌కి ఎనిమిది లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉందట, "మీ సిబిల్ స్కోర్ చాలా బాగుంది సార్" అన్నాడు, అసలు పుట్టనే లేని మనిషికి నాకన్నా మంచి స్కోరు. బనియన్ రావు మాత్రం సమాజంలో బాగా పైకొచ్చేశాడు. "బనియన్ రావు గారూ, మీలాంటి సెలెక్టెడ్ కస్టమర్ల కోసమే సార్, షాద్‌నగర్‌లో విల్లా ప్లాట్లు, స్పాట్ రిజిస్ట్రేషన్" అని ఒకమ్మాయి. ఇంకోడు ఏదో హాలిడే క్లబ్ నుంచి డిన్నర్‌కి పిలిచాడు, జంటగానే రావాలట, "మేడమ్ పేరు చెప్తే పాస్ మీద రాస్తాం సార్" అన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది. ఆమెని శ్రీమతి బనియన్‌గా పరిచయం చేసే ధైర్యం నాకు లేదు. మధ్యలో 1909కి చెప్పుకుని, అమ్మకాల ఫోన్లు వద్దు మొర్రో అనే డీఎన్‌డీ కూడా పెట్టించుకున్నాను. ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని రూలు. నాకొచ్చేవన్నీ మీకూ నాకూ ఉండేలాంటి మామూలు పదంకెల నంబర్ల నుంచే.

సరే, బనియన్ రావుని ఈ లోకం నుంచి తుడిచేద్దామనుకున్నాను. చట్టంలో హక్కుంది, నా వివరాలు తీసేయండి అని అడగొచ్చు. అయితే సెక్షన్ 15 ఒకటుంది, పౌరుల విధులు. వివరాలు సరిచేయమనో తీసేయమనో అడిగేటప్పుడు సరిచూసుకోదగ్గ నిజాలే చెప్పాలి. అంటే బనియన్ రావుని చెరిపేయాలంటే నేనే బనియన్ రావునని రుజువు చూపించాలి. ఇంకొకరిలా నటించకూడదు, పసలేని ఫిర్యాదులు చేయకూడదు. ఈ విధులు తప్పితే పదివేల దాకా జరిమానా. నాకు.

మరి నా డేటా పోగొట్టినవాడికో? 250 కోట్ల దాకా వేయొచ్చు. ఆ అంకె చూసి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. తర్వాత పేజీలు తిప్పితే ఆ డబ్బంతా భారత సంచిత నిధికి, అంటే సర్కారు ఖజానాకి జమ. నాకు పైసా లేదు. అంతకుముందు నుంచీ ఐటీ చట్టంలో 43ఏ అని ఒక సెక్షన్ ఉంది, కంపెనీ నిర్లక్ష్యం వల్ల నష్టపోతే పరిహారం అడగడానికి. ఈ కొత్త చట్టం పూర్తిగా అమలైతే అదీ పోతుంది. దొంగ మా ఇంట్లో పడ్డాడు, పోలీసులు పట్టుకున్నారు, సొత్తు స్టేషన్లోనే ఉంచుకున్నారు, అనవసరంగా కేకలేశానని నాకు చలానా రాశారు.

అమలు సంగతీ వినండి. రూల్స్ 2025 నవంబర్లో ఇచ్చారు. మన హక్కులకి సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లకి 18 నెలల గడువు, కంపెనీలు సర్దుకోవాలి కదా పాపం. కానీ అదే చట్టంలో సమాచార హక్కు చట్టాన్ని సవరించే ముక్క ఒకటుంది, వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ప్రభుత్వాఫీసు ఇవ్వక్కర్లేదని. అది మాత్రం వెంటనే అమల్లోకి వచ్చింది. వాళ్ళ కిటికీకి కర్టెన్ అదే రోజు. మన బాత్రూముకి తలుపు ఏడాదిన్నర తర్వాత.

ఇంతవరకూ నవ్వుకున్నాం. మా అమ్మకి 74 ఏళ్ళు. మోకాలికి స్కాన్ తీయించాం, సెంటర్ పేరు వద్దులెండి. మూడో రోజు అమ్మకి ఫోన్. "అమ్మా, కుడి మోకాలు ఎలా ఉంది?" కుడి మోకాలు! రిపోర్టు నేనింకా డాక్టర్‌కి చూపించలేదు. అమ్మ పొంగిపోయింది. కొడుకులు అడగని మాట ఎవరో అడిగారు కదా. పావుగంట మాట్లాడి ఒంట్లో ఉన్నవన్నీ చెప్పింది, పెన్షన్ ఏ తేదీన పడుతుందో కూడా చెప్పింది. సాయంత్రం నాతో "ఎవర్రా ఆ అబ్బాయి, పాపం ఎంత బాగా మాట్లాడాడో" అంది. సిగ్గుండాలిరా మీకు. ముసలావిడ నొప్పిని లిస్టులో పెట్టి అమ్ముకున్నారు, ఆ లిస్టు కొన్నవాడికి ఏ మోకాలో కూడా రాసిచ్చారు.

నంబర్ చెబితే కిడ్నీ తీసుకుంటారా అని అడిగిన పెద్దమనిషికి చెప్పాలి. 2020 చివర్లో లోన్ యాప్‌లు ఏం చేశాయో హైదరాబాద్‌లో ఉన్న మీకు గుర్తులేదా? చిన్న అప్పు తీసుకున్న పిల్లల ఫోన్లలో కాంటాక్టులన్నీ లాగి, బాబాయికీ, బాసుకీ, కాలేజీ స్నేహితులకీ వీడు దొంగ అని ఫొటోలు పంపారు. తెలంగాణలో మనుషులు ఆ అవమానం మోయలేక చచ్చిపోయారు. అందరూ అలౌ నొక్కినవాళ్ళే, సమ్మతి ఇచ్చినవాళ్ళే. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు గట్టిగా రాసింది 2022 సెప్టెంబర్లో. దాదాపు రెండేళ్ళకి. సినిమాకైతే రిలీజుకి ముందే ఆర్డర్ వస్తుంది.

ఇది రాస్తుంటే ఇందాక మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ఏ షాపో చూద్దామని పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని ఎత్తాను. లిస్టు చూసి చదువుతున్నట్టుంది ఆ అమ్మాయి, ఒక్క క్షణం తడబడింది.

"హలో... పెద్దోడు హైదరాబాద్ గారా అండీ?"

ఆ పేరు నేనే షాపులోనూ చెప్పలేదు. ఆ పేరుతో నా నంబర్ ఉన్నది ప్రపంచంలో ఒక్క ఫోన్లోనే.