వైసు దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫ్లై టైయింగ్ వైసు గారి సముఖానికి,

పెన్సిల్వేనియా నుంచి తమరి పాత నౌకరు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరి క్షేమం అడగక్కర్లేదు, ఇనుముకి ఏమవుతుంది? ఇన్నేళ్ళు బేస్‌మెంటులో బొమ్మలకొలువు పెట్టె వెనకాల పడి ఉన్నా, దవడ మీద రవ్వంత తుప్పు తప్ప తమరికి ఏ లోటూ రాలేదు. లోటంతా నాకే. మధ్యలో చత్వారం వచ్చింది.

తమరి ఉద్యోగం ఏమిటో తెలియని పాఠకులుంటారు కాబట్టి చెప్పాలి. తమరు బల్ల అంచుకి బిగుసుకుని, దవడల మధ్య ఒక గాలపు కొక్కెం పట్టుకుని కూర్చుంటారు. ఎదుటి మనిషి దానికి దారం చుట్టి, కోడి ఈకలు, కుందేలు బొచ్చు, నెమలి ఈక పీచు కట్టి, ఏటి మీద వాలే పురుగులా తయారుచేస్తాడు. దాన్నే ఫ్లై, అంటే ఈగ అంటారు. ట్రౌట్ చేప అది నిజమనుకుని నోరు తెరవాలి. వానపాము ఊరికే దొరుకుతుంది కదా అనేవాళ్ళకి ఈ మతంలో ప్రవేశం లేదు. మా ఆవిడ ఆ మాట అనేసింది. పైగా, "పనిలేనివాళ్ళు ఈగలు తోలుకోవడం చూశాను గానీ, కట్టుకోవడం ఇక్కడే చూస్తున్నా" అని కూడా అంది.

తమరూ నేనూ ఒక దేశం వాళ్ళమే. తమరి అడుగున 'మేడ్ ఇన్ ఇండియా' ముద్ర ఉంది. కొత్తవాళ్ళకి అంటగట్టే చవక పెట్టెల్లో తరచు కనిపించేది తమరి వంశమే. నేను గ్రీన్‌కార్డు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, తమరు ఏ కాగితమూ లేకుండా నా బల్ల మీద స్థిరపడిపోయారు. ఆ రోజుల్లో తమరు నా చెవిలో ఊదిన మంత్రం ఒకటే: షాపులో ఈగ మూడు డాలర్లు, ఇంట్లో కట్టుకుంటే పావలా. షాపులో దొరికే ఈగల్లో చాలావాటిని కెన్యాలోనో శ్రీలంకలోనో థాయ్‌లాండ్‌లోనో కూలికి కడతారనీ, నా గంట కూలితో వాళ్ళ డజను ఈగలు కొనుక్కుని ఇంకా కాఫీ తాగొచ్చనీ తమరు చెప్పలేదు.

మొదటి దెబ్బ ఆడమ్స్. 1922లో మిషిగన్‌లో లెన్ హాలడే అనే ఆయన కట్టి, తన స్నేహితుడి పేరు పెట్టిన ఈగ అది. చూస్తే ఫలానా పురుగు అని చెప్పలేం, బూడిదరంగులో ఏదో ఉంటుందంతే. దాని మెడచుట్టూ తిప్పడానికి గ్రిజ్లీ, అంటే నలుపు తెలుపు చారల పుంజు ఈక ఒకటి, గోధుమరంగు పుంజు ఈక ఒకటి కావాలి. ఈకలు విడిగా ఒకటీ అరా కొనుక్కోవడం కుదరదు, తోలుతో సహా మెడంతా కొనాలి. వేలిగోరంత ఈగకి రెండు కోళ్ళ మెడలు!

నాది భీమవరం దగ్గర పల్లె. పుంజుని ఈకల రంగు బట్టి డేగ అనీ, కాకి అనీ, సేతు అనీ పిలిచి, ఏ రంగు ఏ రోజు గెలుస్తుందో కుక్కుటశాస్త్రం తిరగేసే జనం మావాళ్ళు. వాళ్ళని మించినవాళ్ళు భూమ్మీద ఉండరనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చి చూస్తే గ్రిజ్లీ, డన్, జింజర్, బ్యాడ్జర్, ఫర్నెస్, క్రీ! హెన్రీ హాఫ్‌మన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఈకల కోసమే పుంజుల్ని ఎంచి ఎంచి పెంచాడు. 1989లో ఆ వంశాన్ని టామ్ వైటింగ్ కొనుక్కుని కొలరాడోకి తీసుకెళ్ళాడు. మా ఊరి పుంజు గెలిస్తే పరువు, ఓడితే కూర. కొలరాడో పుంజుకి ఆ రెండు గతులూ లేవు, అది పుట్టిందే మెడ కోసం.

తమరిని వదిలి నేను పిల్లల గొడవలో పడ్డాక 2011 వచ్చింది. అమెరికా ఆడపిల్లలు ఉన్నట్టుండి జుట్టులో కోడి ఈకలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. సెలూన్ల వాళ్ళు ఫిషింగ్ షాపుల మీద పడి ఊడ్చుకుపోయారు. పొడుగాటి గ్రిజ్లీ ఈకల తోలు వందల డాలర్లు పలికింది. సరిగ్గా అలాంటిదే తమరి పక్క డబ్బాలో ఉంది, చిమ్మటలు తింటున్నాయి. కలరా ఉండలు వేసే ఉంచాను. అవి కరిగిపోయాయి, చిమ్మటలు కరగలేదు. తమరు పక్కనే ఉండి ఒక్క కేక వేయలేదు.

చేపల కోసమే ఇదంతా అంటారా? సాల్మన్ సంగతి చూడండి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏటిలోకి వచ్చాక అట్లాంటిక్ సాల్మన్ తిండి మానేస్తుంది. ఆ ఉపవాసపు చేప కోసం విక్టోరియా కాలపు దొరలు టూకాన్, మకావ్, కొటింగా పక్షుల ఈకలతో నగల్లాంటి ఈగలు కట్టారు. మన అడవికోడి మెడ మీద మైనం చుక్కల్లాంటి ఈకలుంటాయి, ఈగకి అవి కళ్ళు. 1972 వన్యప్రాణి చట్టంతో మన దేశం ఆ కోడికి కాపలా పెట్టింది కాబట్టి, ఇప్పుడు పెంపుడు పక్షుల ఈకలు కొనుక్కుంటున్నారు. ఆగనివాళ్ళూ ఉన్నారు. 2009లో లండన్‌లో సంగీతం చదివే ఒక అమెరికా కుర్రాడు ఇంగ్లండులోనే ఉన్న ట్రింగ్ మ్యూజియం కిటికీ పగలగొట్టి 299 పక్షుల తోళ్ళు సూట్‌కేసులో ఎత్తుకుపోయాడు. ఈగలు కట్టడంలో మహా నేర్పరి. ఆ ఈకల ఈగలు చాలావరకు నీళ్ళ మొహమే చూడవు, అద్దాల పెట్టెలో ఉంటాయి. దీన్నిబట్టి గాలానికి పడేది ఎవరో తమరికి మొదట్నుంచీ తెలుసన్నమాట.

నిజంగా చేపలు పట్టే ఈగల్ని చూడండి. ఇంగ్లండులో విల్ట్‌షైర్‌ ఏటి కాపలాదారు ఫ్రాంక్ సాయర్ ఫెజంట్ పక్షి తోక పీచు, రాగి తీగ, ఈ రెంటితోనే ఒకటి కట్టాడు. దారం కూడా దండగనుకున్నాడు. మా పెన్సిల్వేనియాలో 1957లో అల్ ట్రోత్ ఎల్క్ దుప్పి బొచ్చుతో ఒకటి, 1967లో రస్సెల్ బ్లెస్సింగ్ ఊలీ బగ్గర్ అనే ఈగ కట్టారు. బగ్గర్ తోకకి ఇప్పుడు వాడేది టర్కీ కోడి నూగే. నేను లేని కాలంలో ఇంకో వింత జరిగింది. నేల తుడిచే మాపు పోగు ఒకటి కత్తిరించి కొక్కేనికి కడితే ట్రౌట్లు ఎగబడుతున్నాయి! పెద్దమనుషులు ముక్కు మూసుకుంటున్నారు. చేపలు మాత్రం నోరు మూసుకోవడం లేదు.

కాబట్టి మళ్ళీ కొలువులో చేరుతున్నాను గానీ, కొన్ని షరతులున్నాయి. 22వ నంబరు కొక్కెం నా ముందు పెట్టకండి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదయ్యే ఈ తలకిందుల లెక్కలో 22 అంటే బియ్యపుగింజకి చిన్న. 8వ నంబరు బగ్గర్లు చాలు, అద్దాలు లేకపోయినా తోక ఎటుందో తెలుస్తుంది. కొత్తగా వచ్చిన అతినీలలోహిత దీపం, అది చూపిస్తే గట్టిపడే రెజిన్ కూడా నాకొద్దు. చివరి ముడి మీద పూసే వార్నిష్ సీసా రాయైపోయింది, నిజమే. ఇంట్లో గోళ్ళరంగు ఉంది. కోడి మెడల జోలికి అసలు పోను.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క.: మే నెలలో ఆడమ్స్ లేకుండా ఏట్లోకి ఎలా దిగడం? మెడని నిలువునా కోసి సగం కూడా అమ్ముతున్నారట. గ్రిజ్లీ ఒక సగం, గోధుమరంగు ఒక సగం. లెక్కకి ఒక్క మెడే కదా.