ప్లేటుకు నయమైంది

"రొమ్ము క్యాన్సర్‌ను తుడిచిపెట్టే మందు!" అని మొన్న జిల్లా పేజీలో అరచేతి మందాన శీర్షిక వేశారు. ఈ లెక్కన కోనసీమలో ఆస్పత్రులు ఎత్తేసి ఆ స్థలాల్లో కొబ్బరి వేసుకోవచ్చు. తుడిచిపెట్టడం ఎక్కడ జరిగిందో మాత్రం చివరి పేరాలో, అరటి గెలల ధరల పక్కన, సన్నని అక్షరాల్లో ఉంది: ప్రయోగశాలలో, 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటులో పెంచిన క్యాన్సర్ కణాల మీద.

ఆ ప్లేటు ఆయురారోగ్యాలతో వర్ధిల్లుగాక.

అమలాపురం గడియార స్తంభం దగ్గర పందిరి వేసి దానికి సన్మానం చేయాలని నా ప్రతిపాదన. శాలువా కప్పాలి. ఆత్రేయపురం పూతరేకులు పెట్టాలి. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని ఇలా సెలవివ్వాలి: "ఈ కణాలు ఎవరివనుకున్నారు? అమెరికాలో ఒక క్రైస్తవ సన్యాసినివి. ఎంసీఎఫ్-7 అంటారు. ఆ తల్లి 1970లోనే కన్నుమూసింది. కణాలు మాత్రం దేశదేశాల ప్రయోగశాలల్లో నేటికీ పెరుగుతూ, మందు పడిన ప్రతిసారీ నయమవుతూనే ఉన్నాయి!" చప్పట్లు. అప్పుడు గుంటల్లో పసుపు రంగు ఎంటీటీ ద్రావణం పోస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు తిప్పుతాయి, చచ్చినవి తిప్పలేవు. పసుపు పసుపుగానే మిగిలిందా, మళ్ళీ చప్పట్లు. ఈ సందడిలో వంటాయన ఒకడు చివరి గుంటలో ఆవకాయ ఊట ఒక గరిటెడు పోస్తాడు. అక్కడా కణాలన్నీ హరీమంటాయి. మర్నాటి శీర్షిక ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు.

పేపర్లో పడిన ఆ మందు కైనేజ్ నిరోధకాల కోవది. ఆ కోవ మందులను తక్కువ చేయడం లేదు. కణానికి పెరగమనీ విభజన చెందమనీ కబురు మోసే ఎంజైములను అవి అడ్డుకుంటాయి. ఆ కోవలోని రొమ్ము క్యాన్సర్ మందులు లపాటినిబ్‌కు 2007లో, పాల్బోసిక్లిబ్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాటినీ మొదట ఇలా కణాల మీదే చూశారు. తరువాత జంతువులు, ఆ తరువాత మనుషులు, ఏళ్ళకు ఏళ్ళు. మందు వికటించి దెబ్బతినడానికి ప్లేటుకు కాలేయం లేదు, విరేచనాలు పట్టుకోవు. పైగా లపాటినిబ్ హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న కణితులకే పనిచేస్తుంది. ఆ సంగతి తేలాలంటే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షించాలి, అదే బయాప్సీ.

ముక్క తీయించాలి. ఆ మాట ఏ శీర్షికలోనూ రాదు.

ప్లేటులోని కణాలకు 37 డిగ్రీల వెచ్చదనం, రెండు మూడు రోజులకోసారి కొత్త ఆహారం, దగ్గరుండి కనిపెట్టుకునే మనిషి. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఇల్లాలికో? కోతలయ్యాక చూద్దాం, అమ్మాయి పెళ్ళయ్యాక చూద్దాం అని పైట కింద దాచుకుంటుంది. తెగించి చెబితే "మందు వచ్చేస్తోందటే, పేపర్లో పడింది, కంగారెందుకు?" అంటాడు మొగుడు. ఎందుకేమిటయ్యా! నీ పేపరు చెప్పిన మందు వచ్చేదాకా ఆ గడ్డ వాయిదా వేసుకుని కూర్చుంటుందా? కాకినాడ బస్సు ఎక్కించడానికి నీకు అడ్డమేమిటి? పందెం పుంజు కాలు బెణికితే అర్ధరాత్రి పశువుల డాక్టరు తలుపు కొడతావు. దానికి బాదంపప్పు లెక్కపెట్టి మరీ తినిపిస్తావు. బరిలో లక్షలు పోసి వస్తావు. బయాప్సీకి ఎంతవుతుందో అడగడానికి మాత్రం కనుమ వెళ్ళాలి!