నాపరాయి మీద నిమ్మకాయ

మా సోషల్ టీచరమ్మ పురిటి సెలవు మీద వెళ్లడంతో తొమ్మిదో తరగతికి ఖనిజాల పాఠం నా మెడకు చుట్టుకుంది. నేను లెక్కల మేష్టారిని. రాళ్లతో నాకున్న బంధుత్వమల్లా రెండుసార్లు కిడ్నీలో వచ్చినవే.

బీరువాలోంచి ఖనిజాల పెట్టె తీయించాను. లేబుళ్లన్నీ ఊడిపోయి, ఫంక్షన్ హాలు బయట చెప్పుల్లా ఏది ఎవరిదో తెలియకుండా అడుగున పడున్నాయి. లెక్కపెడితే లేబుళ్లు పన్నెండు, రాళ్లు పదకొండు. మా అటెండర్‌ని అడిగాను.

"గా తెల్లదా సార్? వానాకాలం చెమ్మకు నీళ్లు పట్టింది. పారేసుడెందుకని మజ్జిగల ఏసిన."

అంటే పోయింది రాతి ఉప్పు. మొన్న వానల్లో స్టాఫ్ రూమ్ మజ్జిగ అంత బాగా ఎందుకుందో అప్పుడు తెలిసింది.

మిగిలిన పదకొండిట్లో ఏది ఏదో నాకూ తెలియదు. కానీ ఆ మాట పిల్లలతో అంటామా? "పేర్లు కావాలనే తీసేశాను. లక్షణాలు చూసి మీరే కనుక్కోవాలి" అన్నాను గంభీరంగా.

రంగును నమ్మొద్దని ముందే చెప్పాను. కెంపు ఎరుపు, నీలం నీలం. గట్టిగా అడిగితే రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం. తర్వాత గట్టిదనం. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఆయన పది ఖనిజాలను వరసగా నిలబెట్టాడు. బలపం తయారయ్యే మెత్తటి టాల్క్ 1, వజ్రం 10. గోరు రెండున్నర దగ్గర ఉంటుంది కాబట్టి 2లో ఉన్న జిప్సం మీద గోటితో గీత పడుతుంది, 3లో ఉన్న కాల్సైట్ మీద పడదు. 7లో ఉన్న క్వార్ట్జ్ అయితే గాజునే గీస్తుంది. ఇక్కడే నాలోని లెక్కల మేష్టారు అడ్డం తిరిగాడు. 9కీ 10కీ తేడా ఒకటే కదా అనుకుంటాం. నిజానికి వజ్రం 9లో ఉన్న కురువిందం కంటే నాలుగింతలు గట్టిది. ఇవేం అంకెలు? చివరికి, "ఇవి మార్కులు కావర్రా, ర్యాంకులు" అన్నాను. హైదరాబాదు పిల్లలు, మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మన ఊరి గుట్టల గురించి కూడా నాలుగు ముక్కలు చెబుదామని, "ఈ గ్రానైట్‌లో తళతళలాడేది అభ్రకం, గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్. దీని వయసు దాదాపు 250 కోట్లు..." అంటుండగానే మూడో బెంచీ వాడు లేచాడు.

"ఎకరానికా సార్?"

వాడి నాన్న రియల్ ఎస్టేటు. ఈ మూడో బెంచీ వాణ్ని గుర్తు పెట్టుకోండి.

ఇక గీత పరీక్ష. బాత్రూమ్ రిపేర్లలో మిగిలిన టైలు ముక్కలు తెప్పించి, నునుపు లేని వెనక వైపు రాళ్లు గీయించాను. ఇత్తడిలా మెరిసే పైరైట్ నల్లటి గీత గీసింది. నల్లగా ఇనప ముద్దలా ఉన్న హెమటైట్ ఎర్రటి గీత గీసింది. నల్ల రాయిలోంచి ఎర్రటి పొడి రావడం పిల్లలకు తెగ నచ్చేసింది. వద్దన్నకొద్దీ అరగదీసి, కాగితంలో పొట్లం కట్టారు. అచ్చం గుళ్లో ఇచ్చే కుంకుమ పొట్లమే.

ఆఖరిది ఆమ్ల పరీక్ష. ల్యాబు తాళంచెవి కెమిస్ట్రీ సార్ దగ్గరుంది. అడిగితే ఆయన నా వైపు చూసిన చూపే సగం ఆమ్లం. సరే, నిమ్మకాయ చాలనుకున్నాను. కాల్సైట్‌ని కాస్త గోకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే చిన్న చిన్న బుడగలొస్తాయి. మూడో బెంచీ వాడి చేతిలో ఇరవై రూపాయలు పెట్టి గేటు బయట కొట్టుకు పంపాను. అయిదు నిమిషాల్లో రెండు కాయలు తెచ్చాడు. కొంచెం వడిలి ఉన్నాయి. రెంటికీ నడుమ చిల్లు ఉంది. నేను పట్టించుకోలేదు.

బుడగలొచ్చాయి. అక్కడితో ఆపితే పోయేది. "మన వరండాలో పరిచిన తాండూరు నాపరాళ్లు కూడా ఈ కాల్సైట్ ఉండే సున్నపురాయి జాతేరా" అని నోరు జారాను.

మా బడిలో అన్నిచోట్లా టైల్సు వేశారు. పాత నాపరాళ్లు మిగిలింది ఒక్కచోటే, ప్రిన్సిపల్ మేడం గది ముందు. ఆవిడ వాస్తు చూసి కుర్చీ మూడుసార్లు తిప్పించిన మనిషి. ఆ రోజు మంగళవారం, పైగా అమావాస్య. క్యాలెండరు చూసి పాఠం చెప్పాలని బీఎడ్‌లో నాకెవరూ నేర్పలేదు.

పిల్లలు మేకుతో నాపరాయి గోకారు. నిమ్మచెక్క పిండారు. బుడగలు సరిగా కనబడలేదు. "సార్, సుయ్‌మంటున్నది, ఇనవడ్తుంది!" అని ఒకడన్నాడు. అంతే, నలుగురు బోర్లా పడుకుని చెవులు నేలకానించారు. ఆ తోపులాటలో ఎర్రపొడి పొట్లం చిట్లింది. టాల్క్ గీసిన అమ్మాయి చేతులు దులుపుకుంది, తెల్లపొడి దాని చుట్టూ ముగ్గులా పడింది. "కదలకండి, మాట్లాడకండి, వినండి" అని నేను గొంతు తగ్గించి చెబుతున్నాను.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

మేడం గడప అవతల కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయారు. ఆవిడ కళ్లతో చూస్తే నాకూ ఒళ్లు జలదరించింది. కోసిన నిమ్మచెక్కలు, ఎర్రపొడి, తెల్లపొడి, ఇనప మేకు, సాష్టాంగపడ్డ నలుగురు పిల్లలు, మధ్యలో గొణుగుతూ నేను. ఆ నెలలోనే ఇంక్రిమెంటు దగ్గర మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది కూడాను.

"ఏంటి మేష్టారూ ఇది?"

"సున్నపురాయి మేడం. పొంగుతోంది."

"ఎవరి మీద?"

ఆవిణ్ని గడప దాటించడానికి కాల్షియం కార్బొనేట్, సిట్రిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ మూడూ వాడాల్సి వచ్చింది. ఎర్రపొడి కుంకుమ కాదు, ఇనుము తుప్పు లాంటిదేనని రాయి గీసి చూపించాను. మెల్లగా నమ్మారు. పోనీలెమ్మని తనూ వంగి, చెవి దగ్గరపెట్టి విన్నారు. "అవునండోయ్" అన్నారు. ఊపిరి పీల్చుకున్నాను.

లేస్తూ లేస్తూ తలెత్తారు. గుమ్మానికి కట్టిన దిష్టి దారానికి ఏడు పచ్చిమిరపకాయలు ఊగుతున్నాయి. వాటి కింద ఉండాల్సింది లేదు.

నేను మూడో బెంచీ వైపు చూశాను. అంటే, ఆ బెంచీ వాడి వైపు. వాడు జేబు మీద చెయ్యేసుకున్నాడు. అందులో నా ఇరవై రూపాయలు అప్పటికే సమోసాలయ్యాయి.

"మరి రెండోది ఎక్కడిదిరా?" అన్నాను వణుకుతూ.

వాడు చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి బస్సు డ్రైవరు చెప్పాడు. ముందు అద్దం దగ్గర ఉత్త దారం పట్టుకుని, తాళంచెవి జేబులో వేసుకుని, "కాయ కట్టందే బండి తియ్య సార్, అమాసపూట" అని మెట్టు మీద కూర్చున్నాడు. లోపల నలభై మంది పిల్లలు. బయట ఉప్పల్ ట్రాఫిక్ అంతకంతకూ పెరుగుతోంది.

కొట్టుకు పరిగెత్తాను. అమావాస్య గిరాకీకి నిమ్మకాయలన్నీ అయిపోయాయట, ఒకే ఒకటి ఉందన్నాడు కొట్టువాడు. తెచ్చిస్తే డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది బత్తాయి సార్" అన్నాడు.