నాలుగు బోల్టులేగా!

మా పాత ట్రాక్టర్‌కి కొంతకాలంగా అరుపు ఎక్కువ, నడక తక్కువ అయింది. నాగలి దించగానే ఇంజన్ గొంతు చించుకుంటుంది, చక్రాలు మాత్రం తమకేమీ వినపడనట్టు నిలబడిపోతాయి. పైగా మాడు వాసన. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు అందించే క్లచ్ ప్లేటు అరిగిపోయిందని ఎవరికైనా తెలిసిపోతుంది. మార్చడానికి మాత్రం మెకానిక్‌ని పిలవాల్సిందేనని మా ఆవిడ అంది.

“నాలుగు బోల్టులేగా అక్కా, నేనూ బావా విప్పేస్తాం” అన్నాడు మా బావమరిది.

ఆ నాలుగు బోల్టుల దాకా వెళ్ళాలంటే ముందు ట్రాక్టర్‌ని నడుం దగ్గర రెండు ముక్కలు చేయాలని వాడికి తెలియదు. కింద వేరే ఫ్రేము ఉండదు. ఇంజనూ గేర్‌బాక్సే దానికి వెన్నెముక. క్లచ్చేమో సరిగ్గా ఆ రెంటి మధ్య దాక్కుంటుంది.

డీజిల్ పైపు, వైర్లు, స్టీరింగ్ రాడ్డు వరసగా ఊడదీశాం. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీదే ఊగుతుంది కాబట్టి, రెండు పక్కలా చెక్క దిమ్మెలు దిగ్గొట్టకపోతే విడిపోయిన ఇంజన్ పక్కకి ఒరిగిపోతుంది. ఇది మాత్రం శ్రద్ధగా చేశాం. ప్రాణభయం ఉన్నచోట మా తెలివి బాగానే పనిచేస్తుంది.

జాకీలు పెట్టి వెనక భాగాన్ని లాగితే కదలదు. గడ్డపారతో ఎగదన్నాం. వాడు తోశాడు, నేను తిట్టాను, తర్వాత మార్చుకున్నాం. గంట గడిచాక, గ్రీజూ మట్టీ గడ్డకట్టిన మూలలో హాయిగా బిగించుకుని ఉన్న బోల్టు ఒకటి కనిపించింది. దాన్ని విప్పగానే ట్రాక్టర్ బుద్ధిగా రెండైంది.

పాత ప్లేటు దుమ్ముని మావాడు నోటితో ఊదబోతే ఆపాను. అందులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి. ఇలాంటివి నాకు బాగా తెలుసు. ఆ గర్వంతోనే కొత్త ప్లేటు మీదున్న స్టిక్కర్‌ని చదవకుండా, కొత్త ఫోన్ మీద పొర ఒలిచినట్టు ఒలిచి, పక్కనున్న గోనె మీద పడేశాను.

తర్వాత కర్ర ఒకటి గుండ్రంగా చెక్కి, ప్లేటు సరిగ్గా మధ్యలో నిలిచేలా చూసి, దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. మళ్ళీ రెండు ముక్కల్నీ కలపబోతే అంగుళం దూరంలో మొరాయించాయి. మావాడు కింద గోనె మీద వెల్లకిలా పడుకుని “ఇంకొంచెం, ఇంకొంచెం” అంటుంటే, నేను ఫ్లైవీల్‌ని, అంటే ఇంజన్ వెనకుండే బరువైన చక్రాన్ని, వేలెడంత తిప్పి, తోసి, మళ్ళీ తిప్పి, మొత్తానికి గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్ళు ప్లేటులోకి దిగేసరికి చీకటి పడింది.

స్టార్ట్ చేశాను. క్లచ్ తొక్కి గేరు వేశాను. కర్ర్ర్ర్!

పెడల్ ఆట ఎక్కువైందేమోనని రాడ్డు బిగించాం. కర్ర్ర్ర్! ఇంకా బిగించాం. అదే పాట. “గేర్‌బాక్స్ పోయుంటుంది బావా” అన్నాడు వాడు, పోతే తన తప్పు కాదన్న ఊరటతో.

ఇంతలో టార్చిలైటు పట్టుకుని నిలబడిన మా అమ్మాయి, “మామయ్యా, నీ వీపు మీద ఏదో రాసుంది” అంది. ఈమధ్యే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటోంది. వెలుగు దగ్గరగా పెట్టి, వేలితో చూపిస్తూ చదివింది: “ఫ్లై... వీల్... సైడ్.”

ఎవరూ మాట్లాడలేదు.

ప్లేటు తిరగబడి ఉంది లోపల. గేర్‌బాక్స్ వైపు ఉండాల్సిన, ప్లేటు మధ్యలో పొడుచుకొచ్చిన బొడ్డు ఫ్లైవీల్‌కి తగులుకుని కూర్చుంటే, ఎంత తొక్కినా ఇంజన్‌ని ఇంకెక్కడ విడుస్తుంది?

మా ఆవిడ గుమ్మంలోంచి అంతా విని, “నాలుగు బోల్టులేగా” అని లోపలికెళ్ళిపోయింది.

మావాడు చొక్కా విప్పి ఆ స్టిక్కర్‌ని కాసేపు చూశాడు. “అయినా బావా, ఇందాక నేను పడుకున్నప్పుడు నా వీపు కూడా ఫ్లైవీల్ వైపు లేదుగా?” అన్నాడు.

నేను పానా అందుకున్నాను. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.