రెండో ‘పి’ కోసం కన్నీళ్ళు

మా అమ్మాయి ఆరో తరగతి. నిన్న రాత్రి డిక్టేషన్ నోట్సు ముందేసుకుని ఏడ్చింది. ‘స్టాప్’కి పాస్ట్ టెన్స్‌లో ఒకే ‘పి’ రాసిందని ఎర్ర గీత. సరేనని గుర్తుపెట్టుకుని ‘విజిట్’కి రెండు ‘టి’లు రాస్తే ఇంకో ఎర్ర గీత! పదేసిసార్లు ఇంపొజిషన్ రాసుకు రమ్మన్నారు. ఎందుకు తప్పో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

కారణం ఉందండీ. ‘విజిట్’లో మొదటి భాగాన్ని నొక్కి పలుకుతాం, అందుకే చివరి ‘టి’ రెట్టింపు కాదు. ‘అడ్మిట్’లో చివర నొక్కుతాం, కాబట్టి రెండు ‘టి’లు. ఇంతే! నేను చెప్పగానే పిల్లకి అర్థమైంది. మా చిన్నప్పుడూ ఇంతే, ‘గో, వెంట్, గాన్’ అని వల్లె వేయించారు తప్ప విడమరిచి చెప్పినవాళ్ళు లేరు.

‘స్టడీ’లో ‘వై’ పోయి ‘ఐ’ వస్తుంది, ‘ప్లే’లో ‘వై’ అలాగే ఉంటుంది, ‘పే’ మాత్రం ‘పెయిడ్’ అయి కూర్చుంటుంది. ‘రీడ్’కి రాత మారదు, పలకడం మాత్రం ‘రెడ్’. రాసింది రాసినట్టు చదివే తెలుగు పిల్లకి ఇదెంత కష్టం!

అన్నిటికన్నా నాకు మండేది ‘ట్రావెల్’. బ్రిటిష్ వాళ్ళకి రెండు ‘ఎల్’లు, అమెరికా వాళ్ళకి ఒకటి. రెండూ ఒప్పే. ఫోన్‌లో చూసి ఒక ‘ఎల్’తో రాసిన పిల్లకి దానిక్కూడా మార్కు కోసేశారు.